హనుమయ్య గారూ, పాదరసపు ఆవిరీ

నూజివీడు రైసు మిల్లులో ఆవిరి ఇంజను నడిపే హనుమయ్య గారికి 1948 వేసవిలో ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చింది. బాయిలరుకి ఊక చాలక, చాట్రాయి వైపు ముసలి మామిడి చెట్లు కొట్టించి కట్టెలు తెప్పిస్తున్నారు. షావుకారు పాండురంగారావు గారు విసిగిపోయి, వచ్చే పంటకి ఆయిలింజను పెట్టిస్తానన్నారు. ఆయిలింజనుకి బాయిలరు అక్కర్లేదు, బాయిలరు మనిషీ అక్కర్లేదు.

ఆ రోజుల్లోనే బెజవాడ నుంచి మిల్లుకి కొత్త బెల్టు వచ్చింది. దానికి చుట్టిన కాగితం ఒక ఇంగ్లీషు పత్రికది. అందులో బాయిలరు బొమ్మ చూసి హనుమయ్య గారు దాన్ని హైస్కూలు సైన్సు మాస్టారి దగ్గరికి పట్టుకెళ్లారు. అమెరికాలో కరెంటు తయారుచేసే చోట నీళ్ల కంటే ముందు పాదరసాన్ని మరిగిస్తున్నారట. ఆ ఆవిరి ఒక టర్బైను చక్రాన్ని తిప్పి, చల్లబడుతూ తన వేడితో నీళ్లని మరిగిస్తుందట. ఆ నీటి ఆవిరి ఇంకో చక్రాన్ని తిప్పుతుంది. ఒకే మంటకి రెండు పనులు. మాస్టారు ఆ పేరా మూడుసార్లు చదవాల్సి వచ్చింది.

ఊళ్లో పాదరసం ఉండేది కంసాలి వీరాచారి దగ్గర. దేవుడి కిరీటాలకి బంగారు పూత వేసేటప్పుడు, బంగారాన్ని పాదరసంలో కలిపి రాసి, కుంపటి మీద పాదరసాన్ని ఆవిరిగా పోనిస్తాడు. అది ఎంత మంటకి మరుగుతుందో, ఇనప కుండలో బిగిస్తే ఆగుతుందో లేదో కనుక్కుందామని వెళ్లారు హనుమయ్య గారు.

“ఇంజను చాలక నా కుంపటి మీద పడ్డావా?” అన్నాడు వీరాచారి. తరవాత మజ్జిగ గ్లాసు అందించబోయాడు. అందేలోపే సగం ఒలికిపోయింది. “చూశావుగా. ముప్పై ఏళ్లు పీల్చిన ఆవిరి చేసిన పని. నీకు చుక్క కూడా ఇవ్వను.”



రెండు రోజులు హనుమయ్య గారికి వీరాచారి చేతులే కళ్లముందు మెదిలాయట. మూడో రోజు, ఇంజను తిప్పేశాక గొట్టంలోంచి ఊరికే బయటికి పోతున్న ఆవిరి మీద దృష్టి పడింది. పాదరసం లేకపోయినా, వృథా పోయే వేడి తన దగ్గరా ఉంది. బాయిలరుకేమో చల్లటి బావినీళ్లు పోస్తున్నారు. ఆ ఆవిరిని పాత ఇనప పీపాలోకి మళ్లించి, బాయిలరుకి వెళ్లే నీళ్ల గొట్టాన్ని పీపా లోపల చుట్లు తిప్పారు. మొదటి రోజు అతుకు ఊడింది. వారం తిరిగేసరికి నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా లోపలికి వెళ్తున్నాయి.

నెలాఖరుకి కట్టెల బండి వచ్చేసరికి దించడానికి చోటు లేదు. పాతవే ఇంకా మిగిలున్నాయి. షావుకారు గారు పీపా చుట్టూ తిరిగి చూసి, ఇదేంటని అడిగారు. హనుమయ్య గారు అమెరికా నుంచి మొదలుపెట్టారు.

“అదంతా మాస్టారికి చెప్పుకో. ఇది ఎన్నాళ్లు ఆగుతుంది?”

“నేను చూసుకుంటూ ఉంటే ఆగుతుందండీ.”

షావుకారు గారు బండిని వెనక్కి పంపేశారు. ఆ ఏడు ఆయిలింజను మాట మళ్లీ ఎత్తలేదు.