చిన్నమ్మ కుండలో మొగ్గ

నా చిన్నప్పుడు మా ఇంట్లో విచ్చిన మల్లెకు విలువ లేదు. మా తాతకు తిరుచానూరులో పూల అంగడి ఉండేది. మల్లెను మొగ్గగానే గిల్లాలి, మొగ్గగానే కట్టాలి, అది అమ్మవారి సన్నిధిలోనో, కొనుక్కున్నవాళ్ళ జడలోనో విచ్చుకోవాలి. చెట్టు మీదే విచ్చిపోయిన పువ్వు కనబడితే మా అవ్వ ఏదో పోగొట్టుకున్నట్టు "అయ్యో" అనేది. ఎనిమిదేళ్ళకే ఆ బుద్ధి నాకూ పట్టుకుంది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసింది అల్లరి కాదు. నన్ను పెంచిన తీరే అది.

మా చిన్నాయన సైన్యంలో డ్రైవరు. పెళ్ళయిన మరుసటి ఏడు అస్సాం వైపు కొండల నుంచి సెలవు మీద వస్తూ డాల్డా డబ్బాలో ఒక మొక్క తెచ్చాడు. ఆకుల నిండా ముదురు, లేత ఆకుపచ్చ మచ్చలు. దాని పేరు ఆయనకూ తెలియదు. అక్కడ ఎవరింటి అరుగు మీదో పూసి ఉండగా చూశాడట, ఆ ఇంటి ముసలామె ఒక పిలక విరిచి ఇచ్చిందట. పువ్వు ఎలా ఉంటుందని చిన్నమ్మ అడిగితే, "చెప్తే నమ్మవు. పూసినాక నువ్వే సూడు" అని నవ్వాడు. నెల తిరక్కముందే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఉత్తరం చివరా ఒకటే ప్రశ్న, పూసిందా అని. ఆయన చూసిన పువ్వును తానూ చూడాలని, పూసిందని తన చేత్తో రాయాలని చిన్నమ్మ ఆశ. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ కలిసి చూసింది ఏముంది, పాపం!

ఆ మచ్చలు చూసి అవ్వ కొండ పసుపు అంది. కాదు, అడవి కలబంద అన్నాడు తాత. తవ్వితే దుంప లేదు, విరిస్తే జిగురు లేదు, ఇద్దరూ ఊరుకున్నారు. ఏ జాతో తెలియనిదాన్ని ఎలా సాకాలి? చిన్నమ్మ ఎర్రమట్టి, పేడ ఎరువు వేసి, ఎండలో పెట్టి, రెండు పూటలా నీళ్ళు పోసింది. ఆకులు పసుపెక్కితే నీళ్ళు చాలలేదేమోనని ఇంకా పోసింది. చివరికి మొదలు మెత్తబడింది. అప్పుడు తాత దాన్ని పెళ్ళగించి, కుళ్ళిన వేళ్ళు కోసేసి, "దీనికి మట్టి సరిపడదమ్మా. ఈ వేళ్ళకి గాలి కావల్ల" అన్నాడు. అడుగున చిల్లులు పొడిచిన కుండలో టెంకాయ పీచు, బొగ్గు, ఇటుక ముక్కలు నింపి నాటాడు. పూలగంపల మీద తడిగోనెలు కప్పి ఉంచే కొట్టంలో, ఎండ పడని మూలన పెట్టాడు. రోజూ పీచులో వేలు పెట్టి చూడడం నా పని. తడి తగిలితే నీళ్ళు పోయకూడదు. నీళ్ళు పోయకుండా మొక్కను పెంచడమేమిటో నాకు ఎంతకీ అర్థమయ్యేది కాదు. అయినా అది బతికింది.

మరుసటి చలికాలం ఆకుల నడుమ నుంచి నూగునూగుగా ఒక కాడ లేచింది. దాని కొన మీద ఒకే ఒక మొగ్గ. మొగ్గ వేసిందని చిన్నమ్మ అప్పుడే ఉత్తరం రాసేసింది. మొగ్గ ఉబ్బేకొద్దీ ఆమె రేపో ఎల్లుండో విచ్చుకుంటుందని మురిసిపోయేది. నాకేమో కంగారు. విచ్చుకుంటే ఇంకేముంది, పాడైపోదూ? పెద్దవాళ్ళు ఆ సంగతే మరచినట్టున్నారనుకుని, ఒకరోజు పొద్దున్నే వెళ్ళి గోరు పెట్టాను. మల్లెలా తెగలేదు. రెండు చేతులా మెలిపెట్టి పీకాను. చిన్నమ్మ జడలో పెట్టాలని అరిటాకులో చుట్టాను.

అంతలో చిన్నమ్మ రానే వచ్చింది. కుండ ముందు కూలబడి, "ఎవురు పీకినారు దీన్ని?" అని భోరుమంది. పొట్లం వీపు వెనక దాచుకుని నిలబడ్డాను. మంచిపని చెడ్డపనిగా ఎప్పుడు మారిందో నాకు తెలియలేదు. కొట్టం బయట కూర్చున్న తాత నా వైపు ఒకసారి చూశాడు. ఒడిలో అమ్మవారికి కడుతున్న మాల. "నేనేమ్మా. సెయ్యి అలవాటు, మొగ్గ కనపడితే గిల్లేసినాను" అన్నాడు.

పూలు చేతిలో ఉండగా అబద్ధమాడకూడదని మాకు నేర్పినవాడే తాత. చిన్నమ్మ తెగిన కాడ వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు ఆమె ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తాత మీద కోపమనుకుని నేను కుమిలిపోయాను, కానీ నోరు విప్పలేదు.

ఒకసారి మొగ్గ వేసిన పిలక మళ్ళీ వెయ్యదట. పక్కన కొత్త పిలక లేచి పెరగాలి. దానికి రెండేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ వేలు పెట్టి తడి చూడడం నేను ఒక్కరోజు మానలేదు. చివరికి పూసింది. పైన చారల రెక్క, కింద ముందుభాగం మూసుకున్న చెప్పులాంటి తిత్తి. "ఇదేందబ్బా, చెప్పు మాదిరి ఉండాది! దేవుడికి పెట్టేదెట్ట?" అని అవ్వ బుగ్గలు నొక్కుకుంది. నెల దాటినా వాడలేదు. సాయంత్రానికి వడలిపోయే పూలతో బతికే మాకు అసలది పువ్వేనా అని అనుమానం వచ్చింది. దాన్ని స్లిప్పర్ ఆర్కిడ్ అంటారని ఎన్నో ఏళ్ళకు బెంగళూరులో ఒక పూల ప్రదర్శనలో చూసి తెలుసుకున్నాను.

అది పూసిన రోజు చిన్నమ్మ ఉత్తరం రాస్తూ నన్ను దగ్గరికి పిలిచింది. "పాపా, మీ తాత గిల్లితే కాడ కత్తితో కోసినట్టుంటాది. ఆ పొద్దు నలిగిపోయి, పీచు లేచి ఉండింది. నాకు అప్పుడే తెలిసిపోయింది" అంది.

"మరి నన్ను అడగలేదే?"

"మామ తన మీద ఏసుకున్నాక నేనేం అడిగేది? నువ్వే చెప్తావులే అనుకున్నా."

రెండేళ్ళుగా ఆమె నా మాట కోసం కూడా ఎదురుచూస్తోందని నాకేం తెలుసు? ఏడుస్తూ అంగడికి పరిగెత్తి, ఆ మొగ్గ పీకింది నేనేనని తాతతో చెప్పేశాను. తాత తలెత్తలేదు. "ఏ మొగ్గ పాపా?" అని, దారం ఉండ అందుకోమన్నాడు. నిజంగా మరచిపోయాడో, మరచినట్టు నటించాడో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడు తప్పు చేసిన పిల్ల ఎవరైనా నా ముందుకొచ్చి నిలబడితే, తెలిసిన సంగతి నాలుక కొనదాకా వస్తుంది. మింగేసి, ఏదో పని చేసుకుంటూ కూర్చుంటాను. ఎన్నాళ్ళు మింగాలో తాత చెప్పలేదు. కొందరు వారానికే చెప్పేస్తారు. మా పెద్ద మనవరాలు ఇంకా చెప్పలేదు.