బడిగోడ మీద నంబరు

మదనపల్లెలో డిగ్రీ చదువుతున్నప్పుడు నేనూ, పుంగనూరు నుంచి వచ్చే నా స్నేహితురాలూ ఆదివారాలు గోడల మీద బొమ్మలు వేసేవాళ్లం. చిన్నవయసు పెళ్లిళ్లు వద్దని తమ బడిగోడ మీద వేయమని కుప్పం దగ్గర ఒక ఊరి హెడ్‌మాస్టరమ్మ పిలిచింది. రంగుడబ్బాలు ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాం.

పుస్తకాల సంచి తగిలించుకుని సైకిలు తొక్కే అమ్మాయిని వేశాం. పక్కన పిల్లల సహాయ నంబరు రాస్తుంటే పదో తరగతి అమ్మాయి ఒకతి నిచ్చెన దగ్గరకు వచ్చింది.

"అక్కా, నంబరు ఇంకా పెద్దగా రాయక్కా. దోవన పోతా సూసినా గుర్తుండల్ల."

"ఎవురికి?" అని నా స్నేహితురాలు నవ్వింది.

ఆ అమ్మాయి నవ్వలేదు. "యాలక్కా అడుగుతావు?" అంటూ వెళ్లిపోయింది. నాకు గుబులు పుట్టింది. నంబరు చెరిపి, రెండింతలు పెద్దగా రాశాను.

మధ్యాహ్నం ఊరి పెద్ద ఒకాయన బండి ఆపాడు.

"బొమ్మ బాగుండాది. ఆ నంబరు తుడిసేయండమ్మా. మా ఊర్లో పెండ్లిండ్లు సెడగొట్టేకి వచ్చినారా?"

హెడ్‌మాస్టరమ్మ గబగబా బయటికి వచ్చింది. "నేనే రాయమన్నానప్పా" అంది.

"మీరు బదిలీ అయి పోతారు మేడమ్. ఈడుండేది మేము" అని ఆయన మా ఇద్దరినీ ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

మేం నంబరు తుడవలేదు. కానీ కుంచెలు కూడా కడగకుండా బస్సెక్కేశాం. పలమనేరు దాటేదాకా వెనక ఏ బండి హారన్ వినబడినా తిరిగి చూశాం. "ఆ ఫొటో మా నాయన కంట్లో పడితే నన్ను కాలేజీ మానిపిస్తాడు" అని నా స్నేహితురాలు గొణుగుతూనే ఉంది.

కొన్నాళ్లకు హెడ్‌మాస్టరమ్మ ఫోన్ చేసింది. నిచ్చెన దగ్గరకొచ్చిన అమ్మాయికి పెళ్లి కుదిర్చారట. ఆమే ఆ నంబరుకు ఫోన్ చేసిందట. అధికారులు వచ్చి పెళ్లి ఆపారు. అప్పటినుంచి పిల్ల బడికి రావడం లేదు.

పెళ్లి ఆగడం సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం అన్నం సహించలేదు. "మనం రాసేసి బస్సెక్కినాం. ఆ పాప ఆడే ఉండాది" అన్నాను నా స్నేహితురాలితో. ఆ తర్వాతి ఆదివారం హెడ్‌మాస్టరమ్మను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. వాళ్లమ్మ మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. అమ్మాయే గడప దాటి వచ్చింది.

"కొట్టినారా?" అని అడిగాను.

"ఒకతూరి. నాయన నాతో మాట్లాడేది మానుకున్నాడు."

"మేము తప్పు చేసినామా?"

"పెండ్లి దగ్గర పడేకొద్దీ నాకు ముద్ద దిగేది కాదక్కా. ఇప్పుడు దిగుతాండాది. రేపు బడికి పోతా. నాయన పొమ్మనలా, వద్దనలా."

ఆమె పది పాసై, ఇప్పుడు కుప్పంలో హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతోంది. ఆమె ఫోను వస్తే ఎత్తే ముందు ఇప్పటికీ ఏమైందోనని భయమేస్తుంది. చాలాసార్లు లెక్కల్లో అనుమానాలే అడుగుతుంది. నిన్న మాత్రం గొంతు తగ్గించి మాట్లాడింది. వాళ్ల నాయన మొదటిసారి హాస్టలుకు వచ్చాడట. సంచి నిండా ఉడకబెట్టిన చెనక్కాయలు చేతికిచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లిపోయాడట.

"ప్రేమతో తెచ్చినాడో, మల్లా సంబంధం సూసినాడో తెలీలేదక్కా. బయమేస్తాండాది."

నాకూ తెలియలేదు. "తిను పాపా. రేపు నేనొస్తా" అన్నాను.