తేనెపిట్ట కూసిందట

సూరత్‌లో పిట్టలను చూడాలంటే ఎక్కడికి పోవాలో ఇప్పుడు నన్నడగండి, చెప్తాను. చలికాలం పొద్దున తాపీ నది ఒడ్డుకు పోతే తెల్లటి సీగల్ పిట్టలు గుంపులుగా వచ్చి, జనం విసిరే శనగపిండి గాఠియా కోసం ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి పోయినప్పుడు డుమస్ సముద్రతీరం బురదలో పొడుగుకాళ్ల పిట్టలు తిరుగుతాయి. అన్నిటికన్నా మంచిది గవియర్ చెరువు. అక్కడికి మాత్రం నేను మళ్లీ పోలేదు.

మేం ఉండేది సూరత్‌లోనే, వడోద్ బస్తీలో. మరమగ్గాలను మేం సాంచాలంటాం. నా భార్య కార్ఖానాలో దారం బాబిన్లు చుడుతుంది, నేను చెడిపోయిన సాంచాలు బాగుచేస్తాను. అక్కడ నాకంటే నా చెవికే పేరెక్కువ. గుమ్మంలో నిలబడి, అంత మోతలోనూ ఏ సాంచా తేడాగా కొడుతోందో చెప్పేస్తాను. కొత్త మిషన్లు తెచ్చి సగం మందిని ఇంటికి పంపిన సేటు నన్ను ఉంచుకున్నది ఆ చెవి కోసమే.

కాలేజీలో చదివే నా బిడ్డకు పిట్టల పిచ్చి పట్టింది. ఆదివారాలు ఒక గుంపుతో కలిసి తిరుగుతుంది. మా బాపు కళ్లు మూసుకుని ఏ పిట్ట ఏ కొమ్మ మీదుందో చెప్తాడని వాళ్ల ముందు గొప్పలు పోయిందట. ఆ మాట నిలబెట్టడానికి నన్నూ వాళ్లమ్మనూ ఒక ఆదివారం గవియర్‌కు తీసుకుపోయింది.

గేటు దగ్గరే నోరు మూసుకోమన్నారు. సాంచాల మధ్య బతికినవాళ్లం, మా మామూలు మాటే ఎదుటివాళ్లకు కొట్లాటలా ఉంటుంది. నేను నా భార్యను చాయ్ తాగినవా అని అడిగానో లేదో చెరువులో బాతులన్నీ లేచిపోయాయి. అందరూ నన్ను గుడ్లురిమి చూశారు. పిట్టలేమైనా వీళ్ల తాత సొమ్మా అని నాకు ఒళ్లు మండింది.

అంతలో గట్టు మీద తీతువు అరిచింది. అందరికంటే ముందు నేనే వేలు చూపించాను.

"తీతువు కూసింది, శకునం మంచిగ లేదు" అంది నా భార్య.

నా బిడ్డ నవ్వింది. దాని ముఖంలో గర్వం చూసి నా కోపం చల్లారింది.

ఇంకొంచెం ముందుకు పోయాక, గుంపును నడిపించే పెద్దాయన చెయ్యెత్తాడు. అందరూ ఆగిపోయారు.

"తేనెపిట్ట, బాపు. యాడుందో చెప్పు" అంది నా బిడ్డ.

అందరూ నావైపే చూస్తున్నారు. నేను చెవులు రిక్కించాను.

"కూయనియ్యి బిడ్డా, చెప్త."

"కూస్తనే ఉంది గదా."

"నాతోని పరాచికాలా?"

అది నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని ఒక పూల పొద దగ్గరికి తీసుకుపోయింది. బొటనవేలంత నల్లపిట్ట, మా ఎదురుగానే కొమ్మ మీదుంది. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది, గొంతు వణుకుతోంది. టీవీలో శబ్దం తీసేసినట్టు అంతా కదులుతోంది గానీ ఒక్క కూత లేదు. తీతువు పెద్ద అరుపు అందిన నా చెవికి ఈ సన్నటి కూత అందట్లేదు.

అప్పుడు నాకు బూట్లు గుర్తుకొచ్చాయి. దీపావళికి నా బిడ్డ కొనిచ్చిన మందపాటి బూట్లేసుకుని కార్ఖానాకు పోయిన రోజు, ఏ సాంచా చెడిందో గుమ్మంలోంచి తెలుసుకోలేకపోయాను. బూట్లు అచ్చిరాలేదని అటక మీద పడేసి, మళ్లీ ఉత్త కాళ్లతో పోయాను. అంటే ఇన్నాళ్లూ సాంచాల తేడా నేను విన్నది చెవితో కాదు. నేల అదురు అరికాళ్లకు తెలుస్తుంటే, అది నా చెవి గొప్పతనమనుకున్నాను.

"ఎప్పటిసంది, బాపు?" అంది నా బిడ్డ.

కార్ఖానాలో పెదాలు చూసి, చేతులు చూసి మాట అందుకుంటాం. ఇంట్లో అందరం అరిచే మాట్లాడుకుంటాం. అరిచే ఇంట్లో వినబడనిది ఎవరికో ఎట్లా తెలుస్తుంది?

"సేటుకు తెలిస్తే నా పని పోతది, బిడ్డా. ఎవ్వలకు చెప్పకు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

తేనెపిట్ట కొమ్మ మీంచి లేచి, చెరువు మీదుగా అవతలి గట్టుకు పోయింది. అది కనబడకుండా పోయేదాకా నేను చూస్తూనే ఉన్నాను.

నా భార్యకు మా ముఖాలు చూసి సంగతి అర్థమైంది. పొదకు అటువైపు నిలబడి పిట్ట ఎగిరిపోవడం చూడని ఆమె గబగబా మా దగ్గరికి వచ్చింది.

"ఊకె పరేశాన్ చెయ్యకే మీ బాపును. పొద్దుగాల చలిగాలికి చెవులు దిమ్మెక్కినయేమో. నాకు మంచిగనే ఇనొస్తుంది."

నా బిడ్డ ఖాళీ కొమ్మను చూసింది, వాళ్లమ్మను చూసింది.

"ఇంక కూస్తుందా, అమ్మా?" అని మెల్లగా అడిగింది.

నా భార్య దాని పెదాలనే చూస్తూ తలూపింది.

"కూస్తలేదా మరి? ఎంత సక్కగ కూస్తుందో."

నా బిడ్డ నా చెయ్యి వదిలేసి, పోయి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది.