ఎంగిలి సీసా

గాజులక్క అన్న పేరు విని కొత్తగా చేరినవాళ్ళు ముందు ఆవిడ చేతులకేసి చూసేవారు. చూస్తే ఒక్క గాజు కూడా ఉండేది కాదు. రోజంతా ఆసిడ్ దగ్గర నిలబడే మనిషికి గాజులేమిటి, మరీ విడ్డూరం కాకపోతే. ఆ పేరు గాజు పలకల వల్ల వచ్చింది. వేలెడేసి పలకల మీద కంటికి ఆనని నాచు పెంకుల్ని అతికించి మైక్రోస్కోపు గదికి పంపడం ఆవిడ ఉద్యోగం. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే బల్ల, అదే సింకు, తలుపు సరిగ్గా పడని అదే బీరువా.

ఆ నాచుని డయాటమ్ అంటారు. ఒకే ఒక్క కణం ఉన్న జీవి. నీళ్ళున్న చోటల్లా ఉంటుంది, ఒంటి చుట్టూ గాజుతో పెట్టె కట్టుకుంటుంది. కింద డబ్బా, పైన మూత. ప్రాణం పోయినా పెట్టె పోదు. అలాంటివి లక్షల ఏళ్ళు అడుగున పేరుకుంటే తెల్లమట్టి అవుతుంది. పెంకు మీద గీతలెన్ని, ఎంత దగ్గరగా ఉన్నాయి, కొస ఎటు తిరిగింది అని చూసి, ఇది ఫలానా జాతి అని తేల్చడం ప్రొఫెసర్ గారి పని. గీతలు కనబడాలంటే లోపలున్నదంతా ఆసిడ్‌లో ఉడికించి పారబొయ్యాలి. అలా ఉడికాక నిన్నటిదాకా బతికున్న పెంకునీ, కోటి ఏళ్ళ కిందట పోయిన పెంకునీ పక్కపక్కన పెడితే, ఏది ఏదో చెప్పడం ఆ బ్రహ్మదేవుడి తరం కూడా కాదు.

అందుకే గాజులక్క ఎవరొచ్చినా మొదటిరోజే చెప్పే మాట ఒకటుంది. "ఒక సీసాలో ముంచిన చుక్కల గొట్టం ఇంకో సీసాలో ముంచారంటే అది ఎంగిలైపోయినట్టే. మీ ఇంట్లో ఎంగిలి మీ ఇష్టం, నా గదిలో కుదరదు." ఒకసారి ప్రొఫెసర్ గారి చేతిలోంచే గొట్టం లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. ఆయన నవ్వి, చెవులు పట్టుకుని వెళ్ళిపోయాడు. అంత నిక్కచ్చి మనిషి.

మరి ఆ నిక్కచ్చి మనిషే నాలుగేళ్ళ కిందట ఏం చేసిందో చెప్పాలి.

ఆ రోజు పొద్దున, క్వారీ వాళ్ళు పంపిన తెల్లమట్టి పని పెట్టుకుంది. మధ్యాహ్నం, కొండ మీది సరస్సు నుంచి ప్రొఫెసర్ గారు తెచ్చిన నీళ్ళు, అవీ అప్పటికే ఆసిడ్‌లో ఉడికించి కడిగినవే. క్వారీ మట్టి పలక మీద ఆఖరి చుక్క వేస్తుండగా ఫోనొచ్చింది. అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డారట. ఆ కంగారులో గాజులక్క చేతిలో ఉన్న గొట్టాన్నే సరస్సు సీసాలో ముంచి, చుక్క తీసి పలక మీద వేసి, చున్నీ అయినా సర్దుకోకుండా పరుగెత్తింది. తీరా వెళ్ళేసరికి అత్తగారు మణికట్టుకు కట్టుతో మంచం మీద కూర్చుని, టీ చల్లారిపోయిందని కొడుకుని సాధిస్తోంది.

మరునాడు ప్రొఫెసర్ గారు ఆ పలకలో ఆరు పెంకులు చూశాడు. పుస్తకాలన్నీ తిరగేశాడు. దేశదేశాల వాళ్ళకి ఫొటోలు పంపాడు. ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ చూడలేదన్నారు. అలా కొత్త జాతి ఒకటి పుట్టింది. దానికి ఆయన లాటిన్ తోక తగిలించి గాజులక్క అసలు పేరు పెట్టాడు. "నీ చేతులు లేకపోతే నా కళ్ళెందుకమ్మా" అన్నాడు. ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది, సంతోషంతోనే. బస్సు డ్రైవరైన మొగుడు ఆ పేరు అచ్చయిన కాగితానికి అద్దం కట్టించి ఇంట్లో గోడకి తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. "మా ఆవిడ పేరుతో ఓ జీవి తిరుగుతోందండీ. మైక్రోస్కోపు పెడితే గానీ కనబడదట. ఇంట్లో మా ఆవిడా అంతే" అనేవాడు.

అద్దం కట్టించిన నెలకి, క్వారీ పలకని బీరువాలో సర్దుదామని తీసి, అలవాటు కొద్దీ ఒకసారి మైక్రోస్కోపు కింద పెట్టింది. తన పేరున్న పెంకులు సంతలో జనంలా కిక్కిరిసి ఉన్నాయి. వాటి మధ్య విరిగిన గుండ్రటి పెంకు ముక్కలు. అలాంటి ముక్కలే రెండు సరస్సు పలకలోనూ ఉన్నాయి, ప్రొఫెసర్ గారు వాటిని పట్టించుకోలేదు. గాజులక్కకి ఆ గొట్టం గుర్తొచ్చింది. ఆ జాతి సరస్సులో బతికున్నది కాదు, ఎప్పుడో పోయి ఆ మట్టిలో పేరుకున్నది.

రేపు చెబుదాం అనుకుంది. మరునాడు పేపర్లో ప్రొఫెసర్ గారి ఫొటో పడింది. వచ్చే వారం అనుకుంది. ఆ వారం ఆయనకి సన్మానం. క్వారీ వాళ్ళు నివేదిక అడగడానికి మళ్ళీ రాలేదు, వాళ్ళొస్తే బయటపడేదేమో. కక్కలేక మింగలేక ఆ పలకని అడుగు అరలో, పాత రశీదుల కింద తోసేసింది. గోడమీద అద్దం తుడవాల్సి వస్తే మొగుడికి పురమాయించేది.

ఇదంతా ఒక ఎత్తు. మరుసటేడు ఒక పిల్ల రావడం ఒక ఎత్తు.

ఆ పిల్ల పరిశోధన చెయ్యడానికి చేరింది. బడిలో టీచరు ఉద్యోగం చేతికందితే కాదనుకుని మరీ వచ్చింది. ప్రొఫెసర్ గారు ఇచ్చిన పని ఒకటే. గాజులక్క పేరున్న డయాటమ్‌ని సరస్సులో ప్రాణంతో పట్టుకోవాలి, అది ఎలా కదులుతుందో, ఎలా రెండవుతుందో రాయాలి. ప్రతి మంగళవారం రెండు బస్సులు మారి, పడవెక్కి, రాళ్ళని టూత్‌బ్రష్‌తో గీకి నీళ్ళు పట్టుకొచ్చేది. చలికి చెవులు కందిపోయి గదిలోకొచ్చి, సంచీ దింపి, నవ్వుతూ అనేది.

"ఇవాళ కూడా మీరు దొరకలేదక్కా."

ఆ మాట వినబడ్డప్పుడల్లా గాజులక్క సింకు వైపు తిరిగి, కడిగిన బీకరే మళ్ళీ కడిగేది. చెబితే అయిపోయేది కదా. నోరెలా వస్తుంది? బదులుగా ఆ పిల్లకి చెవుల టోపీ అల్లింది. పడవలో వాంతులవుతున్నాయంటే ఫ్లాస్కులో అల్లం టీ పోసిచ్చింది. అందరికంటే ముందు ఆ పిల్ల పలకలే చేసేది. చూసినవాళ్ళు ఎంత ప్రేమో అనుకున్నారు. ప్రేమ లేదని కాదు గానీ, అందులో సగం భయం. ఇలా మూడేళ్ళు గడిచాయి.

వచ్చే సోమవారం పరిశోధన ఎంతవరకు వచ్చిందో చూసే కమిటీ కూర్చుంటుంది. ఆ పిల్ల చూపించడానికి ఒక్క పెంకు కూడా లేకపోతే అంతటితో సరి, సీటు వేరేవాళ్ళకి. శుక్రవారం పొద్దున ఆ పిల్ల ఉడికించి కడిగిన సీసా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. గాజులక్క పలక చేసింది. గంట తర్వాత మైక్రోస్కోపు గదిలోంచి పిలుపు వచ్చింది.

"దొరికారక్కా మీరు."

ఆ గొంతులో సంతోషం లేదు. గాజులక్క వెళ్ళి కన్ను ఆనించింది. రెండు పెంకులు. పక్కనే విరిగిన గుండ్రటి ముక్కలు మూడు. ఆవిడ బీరువా దగ్గరికి నడిచింది. కొత్త జాతి దొరికిన మొదటి సీసాని ఎప్పటికీ దాచిపెట్టాలి, అది నియమం. ప్రతి సీసా మీదా నీటి మట్టం దగ్గర నల్లగీత పెట్టడం ఆవిడ అలవాటు. నాలుగేళ్ళ నాటి సీసాలో నీళ్ళు ఆ గీతకి అంగుళం కిందికి దిగి ఉన్నాయి. సీసాతోనే వెనక్కి వచ్చింది. ఆ పిల్ల సీసా వైపు చూసి తలదించుకుంది.

"ఇందులోంచి కలిపావు."

"అవునక్కా."

"ఎందుకు కలిపావే?"

"ఎందుకంటే ఏం చెప్పను. అక్కడ ఉన్నాయి కదా, నాకే చూడటం చేతకావట్లేదనుకున్నాను. ఉన్నవాటినే చూపిస్తున్నాను, లేనివి కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను. రాత్రంతా నిద్ర లేదు. సార్‌కి చెప్తారా?"

గాజులక్క స్టూలు లాక్కుని కూర్చుంది. ఎదుట ఉన్నది తప్పు చేసిన పిల్ల. పెద్దరికంతో నాలుగు చివాట్లు పెట్టి, ఇంకెప్పుడూ చెయ్యకు అని పంపేస్తే ఎవరూ కాదనరు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆవిడకి తన మీద అసహ్యం వేసింది.

"ఈ సీసా ఎంగిలిది. ఆరోజు మట్టిలో ముంచిన గొట్టం ఇందులో ముంచాను. సరస్సులో అవి లేవు. నీకు చేతకాకపోవడం కాదు, అవి లేవు."

ఆ పిల్ల మైక్రోస్కోపు దీపం ఆర్పింది, మళ్ళీ వెలిగించింది.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?"

"నువ్వు చేరక ముందు నుంచి."

"నేను చేరక ముందు నుంచి." ఆ పిల్ల ఆ మాటని అప్పజెప్పినట్టు అంది. "వెళ్ళేటప్పుడు అల్లం టీ కట్టిచ్చేవారు."

"తప్పే. నీ మొహం చూడలేక ఇచ్చేదాన్ని."

"మరి ఇవాళెందుకు చెప్పారు? నేను దొంగనయ్యాననా?"

"నా వల్ల అయ్యావని."

ఆ పిల్ల ఏడుస్తుందేమో అనుకుంది. ఏడవలేదు. పలక తీసి చేత్తో పట్టుకుని ప్రొఫెసర్ గారి గదికి బయల్దేరింది. గాజులక్క బీరువా అడుగు అరలో రశీదుల కింది నుంచి మట్టి పలకని తీసుకుని వెనకాలే నడిచింది. దారిలో మనసులో ఒక లెక్క వేసుకుంది. రెండు పలకలూ తన చేత్తో చేసినవే కదా, రెండో తప్పు కూడా తన నెత్తినే వేసుకుంటే ఆ పిల్ల బయటపడుతుంది. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడవుతుంది, అయితే కానీ అనుకుంది.

ప్రొఫెసర్ గారు ఏదో దిద్దుతూ తలెత్తాడు. గాజులక్క నోరు విప్పేలోపే ఆ పిల్ల పలకని ఆయన బల్ల మీద పెట్టింది.

"సార్, ఇందులో ఉన్న రెండు పెంకులూ నేను పాత సీసాలోంచి కలిపినవి. సోమవారం చూపించడానికి. తప్పు నాదే."

అంతే చెప్పింది. ఆ సీసా ఎంగిలిదన్న సంగతి చెప్పలేదు. గాజులక్క వైపు కన్నెత్తి చూడలేదు. ఆవిడది ఆవిడకి వదిలేసి, గోడవారగా నిలబడింది.

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆయన మొహం వాడిపోయింది. తర్వాత గుమ్మంలో ఉన్న మనిషిని గమనించాడు.

"నువ్వెందుకమ్మా నిలబడ్డావు? కూర్చో. పేరు నీది పెట్టినంత మాత్రాన నీకేం సంబంధం ఇందులో."

కూర్చోమన్న కుర్చీ దగ్గరే ఉంది. గాజులక్క కూర్చోలేదు. చేతిలోని పలకని బల్ల మీద రెండో పలక పక్కన పెట్టింది.

"అది ఆ సరస్సులో లేదు సార్. ఎప్పుడూ లేదు. తెలిసి కూడా ఈ పిల్లని మూడేళ్ళు వెతకనిచ్చాను."