చెరపని తర్జుమా

మా మేనేజరును నేను ఈరోజుకీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు.

ఎనభైల చివర్లో జహీరాబాద్‌లో ఒక విత్తనాల గోదాములో టైపిస్టుగా చేసేదాన్ని. కొత్తగా కంప్యూటరు వచ్చింది. వెంట వచ్చిన పుస్తకం ముందేసుకుని నేనే నేర్చుకున్నాను. ఏ రైతుకు ఏ విత్తనం ఇవ్వాలో రాసే ఒక్కో చీటీకి అది నాలుగు వరుసల ప్రోగ్రాం అల్లుకుని, దాన్ని యంత్రభాషలోకి తర్జుమా చేసుకుని, అప్పుడు అచ్చు వేసేది. ఆ తర్జుమానే కంపైల్ అనేవాళ్లం. ప్రతి చీటీకీ మళ్లీ మొదటినుంచీ! బయట రైతుల వరుస రోడ్డు దాకా పాకేది.

చూడగా చూడగా, ఒక ఊరి చీటీల్లో మారేది రైతు పేరొక్కటే. పేరును విడిగా తీసి, ఊరికొక తర్జుమా చేయించి దాచిపెట్టాను. కోహీర్ నుంచి ఎవరొచ్చినా దాచిన కోహీర్ తర్జుమానే పనిచేసేది. చీటీ చిటికెలో వచ్చేది.

మేనేజరు అది తన తెలివేనని యజమానికి చెప్పుకున్నాడు. కంప్యూటరు ముందు కుర్చీలోంచి నన్ను లేపి తను కూర్చున్నాడు. "నువ్వు టైపు కొట్టుకోమ్మా, ఇది బుర్రతో పని" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

ఒక్క ముక్క మాత్రం అతనికి చెప్పలేదు. ఊరికిచ్చే విత్తనం మారితే దాచిన తర్జుమాను చెరిపేయాలి. లేకపోతే అది పాత పాటే పాడుతుంది.

మిరుగు వానలు పడి అందరూ విత్తే రోజులు. ఒక పొద్దున యజమాని వచ్చి, న్యాల్‌కల్ ఊరికి జొన్నకు బదులు కంది ఇవ్వాలన్నాడు. మేనేజరు ప్రోగ్రాం మార్చాడు. చీటీ మీద మళ్లీ జొన్నే. మూడుసార్లు తిరగరాశాడు. జొన్నే. చెమటకు అతని చొక్కా తడిసిపోయింది. నా టైపు మిషను చప్పుడు నాకెప్పుడూ అంత ఇంపుగా వినిపించలేదు.

మధ్యాహ్నానికి నా దగ్గరికొచ్చాడు. "కొంచెం చూడమ్మా."

"రాసింది మీరు గద సార్. నాకేం తెలుస్తది?"

యజమాని ఇటే చూస్తున్నాడు. "రాసింది ఈమేనండీ" అన్నాడు మేనేజరు చివరికి, తల దించుకుని.

అప్పుడు లేచాను. దాచిన న్యాల్‌కల్ తర్జుమా ఫైలు చెరిపాను. కంది చీటీ బయటికొచ్చింది.

కిటికీ అవతల పొద్దున్నుంచీ నిలబడ్డ న్యాల్‌కల్ ముసలి రైతు అంతా చూశాడు. "గింతేనా బిడ్డా? పొద్దుగాల్నే చేస్తే ఏంబోతుండె? బస్సు పాయె. ఇయ్యాల విత్తుడు పాయె."

కుర్చీ నాకు తిరిగొచ్చింది. మేనేజరు తల దించుకున్న క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు చల్లబడుతుంది. కానీ ఆ చీటీ ముసలాయన చేతికి నేనే ఇచ్చాను, మొహం చూడకుండా.