సీతమ్మ అటు జరిగిన కాసు

మొన్న శ్రీరామనవమికి రెండు రోజుల ముందు, డైరీలో ఆ రోజు పేజీకి తేదీ వేసుకుని కూర్చున్నానో లేదో, చిలకలూరిపేట నుంచి ఫోను వచ్చింది. అక్కడ బంగారు పని చేసే కుర్రాడు. వాళ్ళ నాన్న దగ్గరికీ, అంతకుముందు వాళ్ళ తాత దగ్గరికీ వెళ్ళినట్టే ఇప్పుడు అతని దగ్గరికీ వెళ్తూ ఉంటాను.

"సార్, ఒక రాముడొచ్చాడండి. మూసలోకి పోబోతుంటే ఆపాను. పొద్దున దాకా ఆగమని వాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకున్నా. మీరు రాకపోతే మాత్రం ఆనక నన్ను తిట్టొద్దు."

ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. ఫోన్లు లేని రోజుల్లో కార్డుముక్క వచ్చేది, అదీ లేకపోతే పత్తి బండి తోలుకొచ్చే ఎవరో ఒకరు కబురు మోసుకొచ్చేవారు. బంగారం ధర ఇలా మండిపోతున్న రోజుల్లో పాత వస్తువన్నది ఏ ఇంట్లోనూ నిలవడం లేదు. పెట్టెల అడుగున పడి ఉన్న కాసులూ పతకాలూ మిషను కిందికి వెళ్ళి, మేలిమి ఎంతో చెప్పించుకుని, అటునుంచి అటే కరిగించే మూసలోకి దిగిపోతున్నాయి. వాటిలో కొన్నింటినైనా ఆపాలన్నది నా పట్టుదల. నాణేలు సేకరించే పెద్దలు నా పెట్టెను చూసి నవ్వుతారు. ఏ రాజూ వేయించనివి, ఏ సర్కారూ ఒప్పుకోనివి, ఊళ్ళో కంసాలులు తమకు తోచినట్టు అచ్చు చెక్కి దింపిన ఉత్తుత్తి కాసులవి. ఒకసారి గుంటూరులో ప్రదర్శనకు పట్టుకెళితే, ఇవి నాణేలు కావండీ, నగల దుకాణంలో పెట్టుకోండి అని మర్యాదగానే పంపించేశారు.

నాకు మాత్రం వాటిని చూస్తే మా ప్రాంతమంతా కళ్ళ ముందుకొస్తుంది. తెల్లదొరల కాసును చూసి మనవాడొకడు చేసిన దానిలో రాణిగారి ముక్కుకు ముక్కుపుడక ఉంది, నుదుట బొట్టు కూడా ఉంది. పొగాకు వ్యాపారి కూతురి పెళ్ళికి వేయించిన పతకం మీద వధూవరులకన్నా పొగాకు ఆకే పెద్దది. బండలాగుడు పందెంలో గెలిచిన గిత్తకు ఇచ్చిన దాని మీద గిత్త కనబడదు, మూపురమే కనబడుతుంది. ఒక చర్చివారి జూబిలీ పతకం మీది గొర్రెపిల్ల అచ్చం మన మెట్ట పొలాల్లో మేసే గొర్రెపిల్లే. నా భార్య ఈ పెట్టెను సవతి అంటుంది. నా మెడలోకి రాని బంగారమంతా దానిలో కాపురం చేస్తోందని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆమె అనేది అబద్ధమేమీ కాదు.

అయితే ఇవన్నీ దారిలో దొరికినవి. నేను వెతుకుతున్నది వేరు, ఒకే ఒక్క కాసు.

మా అమ్మమ్మకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దది మా అమ్మ, పర్చూరులో ఇచ్చారు. రెండో ఆమెను పొన్నూరు, మూడో ఆమెను పొదిలి ఇచ్చారు. అందుకే మాకు వాళ్ళు ఎప్పుడూ పొన్నూరు పిన్ని, పొదిలి పిన్ని. అమ్మమ్మ దగ్గర ఒక రాముడి కాసు ఉండేది. ఒక వైపు సింహాసనం మీద సీతారాములు, గొడుగు పట్టిన లక్ష్మణుడు, కాళ్ళ దగ్గర హనుమంతుడు. రెండో వైపు విల్లంబులతో అన్నదమ్ములు. అది సాక్షాత్తూ రాముడు వేయించిందేనని అమ్మమ్మ నమ్మకం. రోజూ చందనం తీసి బొటనవేలితో అద్దేది. ఏళ్ళ తరబడి అద్ది అద్ది హనుమంతుడి ముఖం అరిగి నున్నగా పలకలా అయిపోయింది. ఎప్పుడో మెడలో వేసుకునే రోజుల్లో అతికించి, తర్వాత తీసేసిన కొక్కెం తాలూకు మచ్చ ఒకటి గొడుగు మీద ఉండేది.

అమ్మమ్మ పోయాక పంపకాలు వచ్చాయి. మగవాళ్ళు కూర్చుని, కాసును మూడు ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తే సరిపోతుందని తేల్చారు. కంసాలిని పిలిపించారు కూడా. అప్పుడు పొన్నూరు పిన్ని, ఇంటిల్లిపాదినీ నవ్వించే మనిషి, కాసును గుప్పిట్లో బిగించి లేచింది.

"కోస్తే రాముడు అక్కకి, సీతమ్మ చెల్లికి, మధ్యలో కోతి నాకా? కోతిని తీసుకెళ్ళి నేనేం చేసుకోను? ఇంట్లో ఒకటుంది చాలు!"

ఇంట్లో ఉన్న ఆ ఒకటి, అంటే పొన్నూరు బాబాయి, అక్కడే కూర్చుని ఉన్నాడు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వేశారు. కాసు కోయడం ఆగిపోయింది. ఏడాదికొకరి ఇంట్లో ఉండేట్టు, శ్రీరామనవమి నాడు పానకం తాగి తర్వాతి వాళ్ళకు అప్పగించేట్టు వంతులు పెట్టుకున్నారు. పర్చూరు నుంచి పొన్నూరు, పొన్నూరు నుంచి పొదిలి, పొదిలి నుంచి మళ్ళీ పర్చూరు. అప్పుడే నాకు పత్తి కొనుగోలు కేంద్రాల మీద తిరిగే ఉద్యోగం వచ్చింది. ఎలాగూ బస్సుల్లోనే బతుకుతున్నాను కనుక కాసును మోసే పని నాకే పడింది. పసుపు గుడ్డలో చుట్టి, లోపలి జేబులో పెట్టి, ఆ జేబుకు పిన్నీసు గుచ్చి, దిగేదాకా దాని మీద చెయ్యి తీయకుండా కూర్చునేవాణ్ణి.

అలా రెండు చుట్లు సాఫీగా సాగింది. ఆ తర్వాత వరసగా వానలు లేని ఏళ్ళు వచ్చాయి. పొదిలి వైపు మెట్ట భూముల్లో ఉన్నవాళ్ళకు ఆ ఏళ్ళు ఎలాంటివో వేరే చెప్పనక్కర్లేదు. పొదిలి బాబాయి పొలంలో బోరు వేయించాడు, నీళ్ళు పడలేదు, పక్కన ఇంకోటి వేయించాడు. ఆ యేడు నవమికి నేను వెళ్ళేసరికి పిన్ని పానకం ఇచ్చింది, వడపప్పు పెట్టింది, కాసు గుడ్డను నా చేతిలో పెట్టి ఎన్నడూ లేనిది ఎండ ఎక్కకముందే బయల్దేరమంది.

పర్చూరు చేరి అమ్మకు ఇచ్చాను. అమ్మ గుడ్డ విప్పి కళ్ళకద్దుకోబోయి ఆగిపోయింది. నేనూ వంగి చూశాను. రాముడికి ఎడమ పక్కన ఉండవలసిన సీతమ్మ కుడి పక్కన కూర్చుని ఉంది. హనుమంతుడు ఇటునుంచి అటు వెళ్ళాడు. అతని ముఖం కొత్తగా, కళ్ళూ ముక్కూ అన్నీ తీర్చి ఉంది. అచ్చు చెక్కేటప్పుడు బొమ్మను తిరగేసి చెక్కాలి. రబ్బరు స్టాంపు మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి చూడండి, అలాగన్న మాట. ఆ కంసాలి ఎవరో గోడ మీది పట్టాభిషేకం పటాన్ని ఎదురుగా పెట్టుకుని చూసింది చూసినట్టే చెక్కేశాడు. కాసు దిగేసరికి కుడి ఎడమైంది.

అమ్మ అడిగింది. "పిన్ని చేతులకి ఏమున్నాయిరా?"

గుర్తు చేసుకుని, మట్టిగాజులున్నాయని చెప్పాను.

"బంగారు గాజులు లేవూ?"

"లేవమ్మా."

అమ్మ కాసును అరచేతిలో పెట్టుకుని, దాని మీద రెండో చెయ్యి మూసింది. "అయితే ఇవి దాని గాజులేరా. కాసును బోరులో పోసి, నాకు అప్పజెప్పాలని చేతులవి తీసి ఇది చేయించింది పిచ్చిముండ." కళ్ళకద్దుకుని దేవుడి దగ్గర పెట్టింది. నా వైపు తిరిగి, ఈ మాట నీ నోట్లోంచి పొదిలిలో గానీ ఇంకెక్కడ గానీ వచ్చిందంటే నా మీద ఒట్టేనని చెప్పింది.

మరుసటి యేడు పొన్నూరు తీసుకెళ్ళాను. ఆ పిన్ని ఏమంటుందోనని దారంతా నాకు భయమే. ఆమె కాసును వెలుతురులోకి పట్టి చూసింది, మా అమ్మ లాగే ఆగింది, నా ముఖంలోకి ఒకసారి చూసింది.

"ఏళ్ళ తరబడి ఒకే పక్కన కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కవూ? అందుకే అటు జరిగినట్టుంది" అని నవ్వి, లోపలికి తీసుకుపోయింది. నవ్విన మనిషి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ రోజు పొన్నూరు బస్టాండులో కూర్చుని నిర్ణయించుకున్నాను. అసలు కాసు ఎక్కడున్నా వెతికి తేవాలి. అది దొరికితే ఇంట్లో రెండుంటాయి కనుక, ఈ తిరగబడినదాన్ని కరిగించి పొదిలి పిన్నికి ఆమె గాజులు ఆమెకు చేయించి ఇవ్వాలి. అప్పటినుంచి పత్తి కొనడానికి ఏ ఊరు వెళ్ళినా, సాయంత్రం పని ముగిశాక కంసాలుల వీధికి వెళ్ళి కూర్చోవడం అలవాటైంది. చూసిన ప్రతి కాసు మీదా కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది డైరీలో ఆ ముద్ర దించుకునేవాణ్ణి. వాళ్ళు చూపించినవాటిలో మనసుకు పట్టినవీ, వదిలేస్తే మూసలోకి పోతాయనిపించినవీ కొనేవాణ్ణి. ఉత్తుత్తి కాసుల పిచ్చి అలా పట్టుకుంది. అమ్మ పోయింది. పొన్నూరు పిన్ని పోయింది. నేను రిటైరయ్యాను. కాసు మాత్రం వంతు తప్పకుండా తిరుగుతూనే ఉంది, నేనూ వెతుకుతూనే ఉన్నాను.

ఇక మొన్నటి సంగతి. తెల్లవారి మొదటి బస్సుకే చిలకలూరిపేట వెళ్ళాను. ఆ కుర్రాడు కాసును నా చేతిలో పెట్టాడు. కళ్ళజోడు పెట్టుకోనక్కర్లేకపోయింది. బొటనవేలికే తెలిసింది. హనుమంతుడి ముఖం నున్నగా ఉంది. గొడుగు మీద మచ్చ ఉంది. అమ్మడానికి తెచ్చినవాళ్ళు అద్దంకి దగ్గర రైతులట. వాళ్ళ నాన్న ఎప్పుడో పొదిలిలో కొన్నాడట. బేరం ఆడలేదు. ఆడే స్థితిలో లేను.

నవమి నాడు పొదిలి వెళ్ళాను. వంతు ప్రకారం ఈ యేడు కాసు పిన్ని నుంచి మా ఇంటికి రావాలి. పిన్నికి ఎనభై దాటాయి, చూపు బాగానే ఉంది, నోరు అంతకన్నా బాగుంది.

"ఏరా, ఈ ఎండలో బస్సులో వచ్చావా? నీకు ముసలితనం వచ్చిన సంగతి ఎవరూ చెప్పలేదా?" అని పానకం గ్లాసు ఇచ్చింది. పసుపు గుడ్డ తెచ్చి ఒళ్ళో పెట్టింది.

అమ్మ వేయించిన ఒట్టు ఉంది కనుక, బస్సులో వచ్చినంతసేపూ మాటలు కూర్చుకుని వచ్చాను. చిలకలూరిపేటలో ఇలాంటిదే ఇంకొకటి దొరికింది పిన్నీ, ఇంట్లో రెండెందుకు, ఒకటి కరిగించి నీ చేతులకు గాజులు చేయిస్తాను అన్నాను. అసలు కాసును ఆమె చేతిలో పెట్టాను.

పిన్ని దాన్ని కిటికీ వైపు తిప్పింది. ఆమె బొటనవేలు దానంతటదే హనుమంతుడి ముఖం మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. అమ్మమ్మ వేలు ఆగినట్టే.

"బాగానే ఉందిరా" అంది చివరికి. "కానీ ఇది మనది కాదు. మన సీతమ్మ ఇటు కదా కూర్చునేది."

కాసును తిరిగి నా చేతిలో పెట్టి, నా వేళ్ళు తనే మూసింది.

"దేవుణ్ణి కరిగిస్తావట్రా, బుద్ధుందా? అయినా ఈ పుల్లచేతులకి గాజులేమిటి, జారి పానకంలో పడతాయి. మీ అమ్మ మన కాసును ఎంత ఇదిగా కళ్ళకద్దుకునేదో నేను చూడలేదనుకున్నావా?"

ఆ చివరి మాటకు నేను తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను. వడపప్పు తిని, ఇద్దరు రాముళ్ళనూ చెరో జేబులో పెట్టుకుని, రెండింటికీ పిన్నీసులు గుచ్చుకుని బస్సెక్కాను.

ఇప్పుడు తిరగబడిన కాసు మా దేవుడి దగ్గర ఉంది. అమ్మమ్మ కాసు పెట్టెలో, ముక్కుపుడక రాణిగారి పక్కన ఉంది. బంగారం చూపిస్తే మిషను క్షణంలో మేలిమి చెప్పేస్తుంది, ఎందులో ఎంత కలిసిందో చీటీ మీద కొట్టి ఇస్తుంది. ముగ్గురు అక్కచెల్లెళ్ళు జన్మంతా తెలిసి కూడా ఒకరితో ఒకరు అనుకోకుండా దాచుకున్న మాట ఆ చీటీలో రాదు. అలా దాచుకునేవాళ్ళు ఇప్పుడు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు.

నిన్న పొన్నూరు పిన్ని కూతురు ఫోను చేసింది. వచ్చే యేడు వంతు వాళ్ళది.

"అన్నయ్యా, ఈ వయసులో నువ్వు బస్సులెక్కి తిరగడం ఎందుకు? కొరియర్‌లో పంపించెయ్, నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది."

కుదరదమ్మా, నేనే తెస్తాను, పానకం చేసి ఉంచు అన్నాను. ఫోను పెట్టేసి, పిన్నీసులు ఎక్కడున్నాయో చూసి పెట్టమని మా ఆవిడకు చెప్పాను. నవమికి ఇంకా ఏడాది ఉంది కదండీ అంది. ఉంటే ఉండనీ అన్నాను.