పన్నెండు బస్తాల దారి

మా అత్తకు గుండ్రటి దారే కావాలి. తిన్నని దారి చూపించి ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

"తిన్నగా పోతే చివర్న తిరుక్కోవాల గదా. తిరుక్కున్నానంటే ఏ పక్క చూస్తాండానో నాకే తెలీదు. గుండ్రమైతే పోతానే ఉండొచ్చు" అంది.

ఆమెకు చూపు పోతోంది. ఆ ఏడాది దాటి మిగలదని డాక్టరు చెప్పేశాడు. అప్పటిదాకా మేం సౌకార్‌పేటలో, మామ బట్టల కొట్టు పైనే కాపురం. ఆ వీధుల్లో కళ్ళున్నవాళ్ళకే తోపుడుబండి తగలకుండా నడవడం కుదరదు. అత్తకోసమే మామ ఊరి చివర మాధవరంలో పెరడున్న ఇల్లు కొన్నాడు. తీరా చూస్తే పెరడంతా ఇసుక, పల్లేరుకాయలు. మధ్యలో ఒక మామిడి మొక్క. దాని చుట్టూ కాంక్రీటు దారి వేయించాలని, ఉన్న కాస్త చూపూ పోకముందే ఆ దారి కాళ్ళకు అలవాటు చేసుకోవాలని ఆమె పంతం. చెయ్యి పట్టుకునే మనిషి కూడా పక్కన నడవాలి కాబట్టి వెడల్పు నాలుగడుగులు అనుకున్నాం.

అవి డెబ్బైలు. సిమెంటు పర్మిట్ మీదే దొరికేది. ఎన్ని బస్తాలు కావాలో ముందే రాసివ్వాలి. చాల్లేదని మళ్ళీ అడిగితే నెలలు పట్టేది. కాబట్టి లెక్క ఒకేసారి కుదరాలి. ఆ లెక్క వేసింది నేను. చెడగొట్టిందీ నేనే.

మేస్త్రి మామిడి మొక్క దగ్గర మేకు కొట్టి, తాడు కట్టి, పదడుగుల దూరంలో ఒక గుండ్రం, పద్నాలుగడుగుల దూరంలో ఇంకో గుండ్రం ముగ్గుపిండితో గీశాడు. ఆ రెంటి మధ్యా దారి. మామ కొట్టునుంచి తెచ్చిన టేపుతో బయటి గీత వెంట కొలుచుకుంటూ వెళ్ళాడు.

"ఎనభై ఎనిమిదడుగుల పొడుగు, నాలుగు వెడల్పు. ముగిసింది" అన్నాడు.

"బయటి అంచు కొలిస్తే ఎట్లా మామా? లోపలి అంచు అరవై మూడే గదా!"

"ఏ అంచు కొలిస్తే ఏమి అమ్మాయ్? గుడ్డకు రెండంచులూ ఒకటే పొడుగు."

నలభై ఏళ్ళు ఆయన కొలిచింది గుడ్డే. లోకంలో ఉన్నదంతా తానులో నుంచే వచ్చిందనుకుంటాడు. నేను లోపలికెళ్ళి పాత చీర తెచ్చి, దాని పన్నా, అంటే వెడల్పు, ఎట్లాగూ నాలుగడుగులకు దగ్గరే కాబట్టి మడత విప్పి, ఒక అంచు బయటి గీత మీద సరిగ్గా ఆనించి పరుస్తూ పోయాను. లోపలి అంచు ఎక్కడికక్కడ ముడతలు పడింది.

"ఈ ముడతలకి కింద నేల లేదు మామా. దీనికీ సిమెంటు పోస్తామా?"

ఆయన ముడతల్ని వేలితో ఎత్తి చూసి పెద్దగా నవ్వేశాడు. "అబ్బ! ఇన్నేళ్ళూ నాకీ సంగతి తట్టలేదే!" రెండంచులకీ నడిమి కొలత డెబ్బై అయిదున్నర. నాలుగుతో గుణిస్తే మూడు వందల చదరపు అడుగులు. మందం నాలుగంగుళాలు, అంటే అడుగులో మూడో వంతు. మొత్తం నూరు ఘనపుటడుగులు. బి.ఎస్సీ. లెక్కల్లో పాసైన కోడలు ఇంట్లో ఉంటే ఇట్లా ఉంటుందని మామ మేస్త్రికి చెప్పుకున్నాడు. నేను అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

మేస్త్రి అన్నాడు, "నూరడుగులకు పద్దెనిమిది మూటలు పడతాదమ్మా."

"ఎట్లా చెప్తారు?"

"ఎట్లా అంటే, ఎప్పుడూ అంతే పడతాది."

ఆ 'ఎప్పుడూ అంతే' వినగానే నాకు ఒళ్ళు మండింది. సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు, కంకర నాలుగు. మొత్తం ఏడు పాళ్ళు. నూరును ఏడుతో భాగిస్తే పద్నాలుగు చిల్లర. బస్తాలో పట్టేది ఒకటింబావు అడుగు. ఎట్లా చూసినా పన్నెండు బస్తాలు దాటదు. అదంతా గడగడా చెప్పి, ఊరుకోక, "మిగతా ఆరు మూటలూ ఎవరింటికి పోతాయి మేస్త్రీ?" అన్నాను.

నాకప్పుడు ఇరవై మూడు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. ఆయన నా ముఖం చూడలేదు. "మీ ఇష్టమమ్మా" అని తాడు చుట్టుకున్నాడు. "దీనికి నోరు జాస్తి" అని మెట్టు మీద కూర్చున్న అత్త గొణిగింది. మామ కాగితం మీద పన్నెండని రాశాడు.

మూడు వారాలకు బస్తాలొచ్చాయి. వాటిని వరండాలో పెట్టాం కాబట్టి పెరటి మెట్ల దగ్గరే పని మొదలైంది. మూడో బస్తా ఖాళీ అయ్యేసరికి నేను చూడ్డానికి వెళ్ళాను. పన్నెండులో మూడంటే పావు భాగం. దారి పెరట్లో పావు చుట్టు దగ్గరున్న కుళాయి దాకా వచ్చి ఉండాలి. కుళాయి ఇంకా చాలా దూరంలో ఉంది. గుండ్రంలో ఆరో వంతు కూడా దాటినట్టు లేదు. మందంగా పోస్తున్నారేమోనని పుల్ల గుచ్చి చూశాను. నాలుగంగుళాలే.

"ఇంత తగ్గిందేం మేస్త్రీ?"

ఆయన తట్ట నిండా కంకర పోశాడు. దాని మీద అర తట్ట ఇసుక వంపి కుదిపాడు. ఇసుక అంతా కంకర సందుల్లోకి జారిపోయింది. తట్ట పొర్లనేలేదు.

"జల్లి సందులో ఇసుక దూరతాది, ఇసుక సందులో సిమెంటు దూరతాది. ఏడు కొలిచి పోస్తే అయిదు గూడా రాదమ్మా" అన్నాడు.

డబ్బాడు బొరుగుల్లో వేయించిన పప్పులు కలిపితే డబ్బా అంతే ఉంటుందని వంటింట్లో రోజూ చూస్తున్నదాన్నే. నాకు తల కొట్టేసినట్టయింది. ఇదే తీరుగా పోస్తే చివర పాతికడుగుల దారి ఉండదు.

మాటలు ఆగిపోయేసరికి అత్త మెట్టు మీద నుంచి అడిగింది. "ఏమి మే, ఏమైంది?"

చెప్పాను. దాచడానికేముంది?

"అంటే కలవదా?" అంది. చివర్న తిరుక్కోవలసిన దారే ఆమెకు వస్తోంది, అదీ నా మూలంగా. నాకు ఏడుపొచ్చింది. కానీ కలిపిన కాంక్రీటు గట్టిపడుతోంది, ఏడవడానికి టైం లేదు.

"ఆ రోజు నేనన్న మాట తప్పు మేస్త్రీ. నన్ను క్షమించండి" అన్నాను, అందరి ముందరా. అన్నది అందరి ముందరే కదా.

"అది తర్వాత చూసుకుందాం. ఇంకా తొమ్మిది మూటలుండాయి. దోవ కలవాలంటే వెడల్పు ఎంత తగ్గించాల? ఆ కణక్కు నాకు రాదు, మీకే వస్తాది" అన్నాడాయన.

బొగ్గు తీసుకుని గోడ మీద లెక్క వేశాను. ఈసారి ఆయన చెప్పినట్టే, నూరడుగులకు పద్దెనిమిది చొప్పున వేశాను. లోపలి గీత కదలదు, బయటి గీత లోపలికి రావాలి. రెండున్నర అడుగుల వెడల్పైతే కలుస్తుందని తేలింది. ఆయన తాడు పన్నెండున్నరకు కుదించి కొత్త గీత గీశాడు. పొద్దు వాలే వేళకు దారి కలిసింది. అర బస్తా మిగిలింది కూడా.

చూడ్డానికి మాత్రం ఘోరంగా ఉంది. మెట్ల దగ్గర నాలుగడుగులు, అక్కడ్నుంచి ఠక్కున రెండున్నర. "పన్నా తగ్గిన తాను" అని మామ చాలా రోజులు ఏడిపించాడు. ఇద్దరు పక్కపక్కన పట్టరు కాబట్టి అత్త ఒక్కతే కర్రతో బయటి అంచు తడుముకుంటూ నడిచేది. మొదట్లో నేను ఇసుకలో పల్లేరుకాయలు గుచ్చుకుంటున్నా వెంట తిరిగేదాన్ని. "నువ్వు పో మే, నీ అడుగుల చప్పుడికి నాకు లెక్క తప్పతాంది" అని తరిమేసింది. నాలుగైదు నెలలకు చూపు పూర్తిగా పోయింది. నడక ఆగలేదు. చాలనుకున్నప్పుడు ఎవర్నీ పిలవకుండా మెట్లెక్కి వంటింట్లోకి వచ్చేసేది. ఎట్లా వస్తోందని మేమెవరం అడగలేదు.

దారి వెడల్పు చేయిద్దామని నేను మళ్ళీ రాయించిన ఆరు బస్తాల పర్మిట్ అప్పుడొచ్చింది. మేస్త్రి వచ్చి తాడు కట్టబోతుంటే అత్త కర్ర అడ్డం పెట్టింది.

"దాన్ని ముట్టుకోవద్దు. ఇన్నాళ్ళూ ఇల్లు యాడుందో ఎట్లా కనుక్కుంటాండాననుకున్నారు? గుండ్రానికి మొదలుందా, చివరుందా? కర్రకు అంచు తగల్లేదంటే వెడల్పు కాడికొచ్చినట్టు. అదే మన మెట్లు."

మేస్త్రి తాడు చుట్టేసుకున్నాడు. ఇంతకీ ఆ ఆరు మూటలూ ఎవరింటికి పోయాయంటే, మేస్త్రి ఇంటికే పోయాయి. ఆయన వద్దువద్దంటున్నా దగ్గరుండి బండి మీద నేనే ఎక్కించాను.